లిక్విడ్ కూలర్ కొంటున్నారా..? తిరువూరు ఎండల్లో యూట్యూబ్ రివ్యూ లెక్కలు సరిపోవు.. ముందు ఈ పరీక్ష చేసి చూడండి!

కూలర్ అనగానే మన దగ్గర ఎవరికైనా కిటికీ పక్కన గడ్డి పలకలతో, నీళ్ల ట్యాంకుతో ఉండే ఎయిర్ కూలరే గుర్తొస్తుంది. అయితే డెస్క్‌టాప్ కంప్యూటర్ వాడేవాళ్ల నోట ఇప్పుడు ఇంకో కూలర్ మాట బాగా వినిపిస్తోంది. అదే ఏఐఓ.. అంటే ఆల్ ఇన్ వన్ లిక్విడ్ కూలర్. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలు, ఫ్లెక్సీ డిజైన్ చేసే షాపులు, గేమ్స్ ఆడే కుర్రాళ్లు.. ఎండాకాలంలో పీసీ వేడెక్కుతోందంటే చాలు, "లిక్విడ్ కూలర్ వేయించెయ్" అనే సలహానే ముందు వస్తోంది.

కానీ దీని ఖర్చు తక్కువేం కాదు. చిన్న సైజు 240 ఎంఎం మోడల్‌కే దాదాపు 6 నుంచి 9 వేల రూపాయలు అవుతోంది. 360 ఎంఎం అయితే 10 వేలు దాటడం మామూలే. ఇంత పెట్టాక కూడా మే నెల మధ్యాహ్నం వీడియో ఎక్స్‌పోర్ట్ నెమ్మదిస్తే..? అసలు లోపం కూలర్‌లో కాకుండా గదిలోనో, క్యాబినెట్‌లోనో ఉంటే..? డబ్బు పోతుంది, కస్టమర్‌కి చెప్పిన టైమూ దాటిపోతుంది. అందుకే కొనే ముందు వేసుకోవాల్సిన లెక్కలేంటో ఇప్పుడు చూద్దాం.

తిరువూరులో సమస్య ఎందుకు వేరు?

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు.. విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారిపై, తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న పట్టణం. చుట్టూ మామిడి తోటలు. సముద్రపు గాలి ఇక్కడిదాకా రాదు. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ కొత్తేం కాదు. అది నీడలో కొలిచే లెక్క. పై అంతస్తు స్లాబ్ గదిలోనో, రేకుల షెడ్డు కింద నడిచే షాపులోనో ఏసీ లేకపోతే మధ్యాహ్నానికి గది లోపలే 38 నుంచి 40 డిగ్రీల వేడి ఉంటుంది.

మరి యూట్యూబ్‌లో కనిపించే కూలర్ రివ్యూలు ఎక్కడ చేస్తారు? చాలావరకు ఏసీ గదుల్లో, చల్లని దేశాల్లో. అక్కడ గది వేడి 21 నుంచి 25 డిగ్రీల మధ్యే. అంటే పరీక్ష మొదలయ్యే దగ్గరే మన గదికీ, వాళ్ల గదికీ 15 డిగ్రీల తేడా ఉంది. ఆ రివ్యూలో "ప్రాసెసర్ 80 డిగ్రీలే" అని చెప్పిన అంకె మన దగ్గర అలాగే రాదు. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

ఇది ఎలా పనిచేస్తుంది?

ట్రాక్టర్ రేడియేటర్ చూసినవాళ్లకి ఇది చాలా ఈజీగా అర్థమవుతుంది. ప్రాసెసర్ మీద ఓ రాగి పలక కూర్చుంటుంది. దానిపైన చిన్న పంపు. పంపు నుంచి రెండు రబ్బరు గొట్టాలు రేడియేటర్‌కి వెళ్తాయి. లోపల నీళ్లు, గ్లైకాల్ లాంటి పదార్థాలు కలిపిన ద్రవం తిరుగుతూ ప్రాసెసర్ వేడిని రేడియేటర్ దాకా మోసుకెళ్తుంది. అక్కడ ఫ్యాన్లు ఆ వేడిని బయటి గాలిలోకి ఊదేస్తాయి. ద్రవం ఫ్యాక్టరీలోనే నింపి సీల్ చేసి ఇస్తారు కాబట్టే దీనికి ఆల్ ఇన్ వన్ అని పేరు.

నీళ్లే ఎందుకంటే.. ఒకే పరిమాణంలో తీసుకుంటే గాలి కంటే నీరు దాదాపు 3,500 రెట్లు ఎక్కువ వేడిని దాచుకోగలదు. పెద్ద కంపెనీలు కూడా ఇదే బాట పట్టాయి. గూగుల్ తన ఏఐ చిప్ టీపీయూ మూడో తరానికి 2018లోనే లిక్విడ్ కూలింగ్ పెట్టింది. అదే గూగుల్ 2025 అక్టోబర్‌లో విశాఖపట్నంలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ ప్రకటించిన సంగతి తెలిసిందే. టెక్నాలజీ మంచిదే. అందులో డౌట్ లేదు.

కానీ ఒక్క విషయం మర్చిపోకూడదు. కిటికీ దగ్గరి ఎయిర్ కూలర్‌లో నీళ్లు ఆవిరై గాలిని చల్లబరుస్తాయి. ఏఐఓలో నీళ్లు ఆవిరి కావు, తిరుగుతాయి అంతే. ఇది వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోస్తుంది తప్ప చల్లదనాన్ని పుట్టించదు. కాబట్టి గది 40 డిగ్రీలు ఉంటే, ఎంత ఖరీదైన ఏఐఓ అయినా ప్రాసెసర్‌ని 40 కంటే కిందకి తేలేదు. ఇందులో ఓ లాభం కూడా ఉంది. గొట్టాలు గది కంటే చల్లబడవు కాబట్టి వాటిపై తేమ పట్టి నీటి చుక్కలు కారతాయన్న భయం అక్కర్లేదు.

చూడాల్సింది డిగ్రీలు కాదు.. తేడా!

కూలర్ పనితనాన్ని కొలవాలంటే ప్రాసెసర్ వేడిలో నుంచి గది వేడిని తీసేయాలి. మిగిలిన తేడానే కూలర్ అసలు మార్కు.

ఉదాహరణకి ఓ రివ్యూలో గది 24 డిగ్రీలు, ప్రాసెసర్ 200 వాట్లు లాగుతున్నప్పుడు వేడి 82 డిగ్రీలు అనుకుందాం. తేడా 58. అదే కూలర్, అదే ప్రాసెసర్‌ని 40 డిగ్రీల గదిలో పెడితే 40కి 58 కలపాలి. అంటే 98 డిగ్రీలు! ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. అంటే అంచుకి వచ్చేసినట్టే.

ఇప్పుడు అదే ప్రాసెసర్ 253 వాట్లు లాగితే ఏమవుతుంది? తేడా 58 నుంచి దాదాపు 73కి పెరుగుతుంది. రివ్యూ చేసిన గదిలో అది 97 డిగ్రీలు. పాస్ అయినట్టే. మన గదిలో లెక్క ప్రకారం 113. అంత దాకా ప్రాసెసర్ వెళ్లదు. 100 దగ్గరే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాటిలింగ్ అంటారు. పీసీ కాలిపోదు. కానీ డబ్బు పెట్టి కొన్న వేగం చేతికి రాదు.

ఇవి అర్థం కావడానికి వేసిన లెక్కలే. ప్రతి పీసీలో అంకెలు మారతాయి. పైగా క్యాబినెట్ లోపలి గాలి, గది గాలి కంటే మరికొన్ని డిగ్రీలు ఎక్కువే వేడిగా ఉంటుంది. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

మీ ప్రాసెసర్ ఎన్ని వాట్లు?

ఏఐఓ కావాలా వద్దా అన్నది తేల్చేది బ్రాండ్ కాదు, వాట్లు. ఇంటెల్ కోర్ ఐ5-12400 బేస్ పవర్ 65 వాట్లు, గరిష్ఠంగా 117 వాట్లు. ఏఎండీ రైజెన్ 5 7600కి రేటింగ్ 65 వాట్లు. దీనికైతే బాక్సులోనే ఓ కూలర్ ఇస్తారు. ఇలాంటి వాటికి 2 వేల రూపాయల రేంజ్‌లో దొరికే సింగిల్ టవర్ ఎయిర్ కూలర్ వేస్తే సరిపోతుంది. ఏఐఓ పెట్టినా పెద్దగా తేడా కనిపించదు. ఆ డబ్బుతో ర్యామ్ పెంచుకోవడమో, ఎస్‌ఎస్‌డీ కొనుక్కోవడమో మేలు.

ఇక కోర్ ఐ5-14600కే గరిష్ఠంగా 181 వాట్లు లాగుతుంది. ఇది మధ్య రకం. దాదాపు 4 వేల రూపాయల్లో దొరికే డ్యూయల్ టవర్ ఎయిర్ కూలర్, 240 ఎంఎం ఏఐఓ.. రెండూ దీనికి పోటీపడతాయి. కోర్ ఐ7-14700కే, కోర్ ఐ9-14900కే మాత్రం 253 వాట్ల దాకా వెళ్తాయి. ఇలాంటి ప్రాసెసర్‌తో గంటల తరబడి రెండరింగ్ చేసేవాళ్లకే 360 ఎంఎం ఏఐఓ నిజంగా ఉపయోగం.

ఏఎండీ రైజెన్ 7000 సిరీస్ విషయంలో ఇంకో మెలిక ఉంది. రైజెన్ 9 7950ఎక్స్ లాంటివి ఫుల్ లోడ్‌లో 95 డిగ్రీల దాకా వెళ్లేలానే డిజైన్ చేశారు. మంచి కూలర్ పెడితే డిగ్రీలు తగ్గకపోవచ్చు, కానీ అదే 95 దగ్గర ఇంకాస్త ఎక్కువ వేగంతో నడుస్తుంది. కాబట్టి అక్కడ డిగ్రీలు చూసి "కూలర్ వేస్ట్" అనుకోవద్దు. క్లాక్ స్పీడ్ ఎంత వస్తుందో చూడాలి.

కొనే ముందు గంట టైమ్ పెట్టి ఈ పరీక్ష చేయండి

ఇప్పుడున్న పీసీతోనే, పైసా ఖర్చు లేకుండా ఈ పరీక్ష చేయొచ్చు. కావాల్సింది గది వేడి చూపించే ఓ థర్మామీటర్, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్.

1. పరీక్షని ఉదయం పూట కాదు, మధ్యాహ్నం 2, 3 గంటల మధ్య పెట్టుకోండి. పీసీ పక్కన గది వేడి ఎంతో రాసుకోండి.

2. రోజూ చేసే పనినే ఇవ్వండి. వీడియో ఎడిటర్ అయితే ఓ పెద్ద ప్రాజెక్ట్ ఎక్స్‌పోర్ట్ పెట్టండి. లేదంటే సినీబెంచ్‌లాంటి ఉచిత టెస్ట్ నడపండి.

3. కనీసం అరగంట ఆగండి. ఏఐఓ ఉన్న పీసీకైతే ఇది ఇంకా ముఖ్యం. లోపలి ద్రవం పూర్తిగా వేడెక్కడానికి టైమ్ పడుతుంది. మొదటి 5 నిమిషాల్లో ఏ లిక్విడ్ కూలర్ అయినా హీరోలాగే కనిపిస్తుంది. 10 నిమిషాల వీడియోలో చూపించే రిజల్ట్ నమ్మకూడదన్నది అందుకే.

4. సాఫ్ట్‌వేర్‌లో మూడు అంకెలు రాసుకోండి. ప్రాసెసర్ వేడి, ప్యాకేజ్ పవర్ ఎన్ని వాట్లు, క్లాక్ స్పీడ్ ఎంత. థ్రాటిలింగ్ జరిగిందా లేదా అన్నది కూడా అందులోనే "ఎస్" అని చూపిస్తుంది.

5. ఇప్పుడు క్యాబినెట్ సైడ్ ప్యానెల్ తీసేసి మళ్లీ అదే పని ఇవ్వండి.

ఈ ఐదో పాయింటే అసలు గుట్టు విప్పుతుంది. ప్యానెల్ తీయగానే వేడి బాగా తగ్గిందంటే లోపం కూలర్‌ది కాదు. క్యాబినెట్‌లోకి గాలి ఆడటం లేదు. ముందు భాగమంతా గాజు పలకతో మూసేసిన క్యాబినెట్లలో ఇది తరచూ కనిపించే సమస్య. రెండు కేస్ ఫ్యాన్లు వేస్తే వెయ్యి, పదిహేను వందల్లో పని అయిపోతుంది. పీసీని టేబుల్ కింద చెక్క అరలో ఇరికించి ఉంటే బయటకి లాగితే చాలు. దానికి రూపాయి కూడా ఖర్చు లేదు.

వేడెక్కుతున్నది గ్రాఫిక్స్ కార్డేమో కూడా చూసుకోవాలి. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు చాలా పనిని గ్రాఫిక్స్ కార్డ్ మీదే వేస్తాయి. ప్రాసెసర్‌కి పెట్టిన ఏఐఓ గ్రాఫిక్స్ కార్డ్‌ని చల్లబరచదు. పైగా రేడియేటర్‌ని క్యాబినెట్ ముందు భాగంలో బిగిస్తే ఆ వేడి గాలి నేరుగా కార్డ్ మీదకే వెళ్తుంది.

ఖర్చు లేని ఇంకో దారి

కూలర్ మార్చకుండానే వేడి తగ్గించే మార్గం బయోస్‌లోనే ఉంది. ఇంటెల్ బోర్డుల్లో పవర్ లిమిట్ సెట్టింగ్, ఏఎండీలో ఎకో మోడ్ ఉంటాయి. 253 వాట్ల ప్రాసెసర్‌ని ఎండాకాలం మూడు నెలలు 150 వాట్ల దగ్గర ఆపేస్తే వేడి ఒక్కసారిగా దిగొస్తుంది. వాట్లు తగ్గినంతగా వేగం తగ్గదు. ఎందుకంటే చివరి కొద్దిపాటి వేగం కోసమే ప్రాసెసర్లు ఎక్కువ కరెంట్ తాగుతాయి. థ్రాటిలింగ్‌తో ఎగుడుదిగుడుగా నడిచే పీసీ కంటే, కాస్త తక్కువ వేగంతో నిలకడగా నడిచే పీసీతోనే పని నమ్మకంగా పూర్తవుతుంది.

ఇంకో మాట. 250 వాట్లు లాగే పీసీ, ఆ 250 వాట్ల వేడినీ గదిలోకే వదులుతుంది. ఏ కూలర్ పెట్టినా ఇందులో మార్పు ఉండదు. కిటికీలు మూసిన చిన్న గదిలో 4 గంటలు రెండరింగ్ నడిస్తే గది కూడా వేడెక్కుతుంది, ఆ వేడి గాలినే కూలర్ మళ్లీ పీలుస్తుంది. అందుకే ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా కూలింగ్‌లో భాగమే. భారీ ఎక్స్‌పోర్ట్‌లని రాత్రి పూటకి పెట్టుకుంటే గది నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటుంది, ఆ నాలుగైదు డిగ్రీలు ప్రాసెసర్ దగ్గరా తగ్గుతాయి.

ఏఐఓనే కొనాలనుకుంటే ఇవి చూడండి

- సైజు: క్యాబినెట్ పైభాగంలో 240 పడుతుందా, 360 పడుతుందా కొలుచుకోవాలి. మామూలు రేడియేటర్ 27 ఎంఎం, ఫ్యాన్ 25 ఎంఎం కలిపి 52 ఎంఎం మందం. కొన్ని మోడళ్లలో రేడియేటరే 38 ఎంఎం ఉంటుంది. ఎత్తైన ర్యామ్ ఉంటే తగులుతుంది.

- సాకెట్: బాక్స్ మీద మీ బోర్డు సాకెట్ పేరు ఉందో లేదో చూడాలి. ఏఎం4, ఏఎం5, ఎల్‌జీఏ1700.. ఇలా రాసి ఉంటుంది.

- బిగించే తీరు: రేడియేటర్ పై భాగం ఎప్పుడూ పంపు కంటే ఎత్తులో ఉండాలి. లోపల కాస్త గాలి ఉంటుంది, అది పైకి చేరుతుంది. పంపే పైన ఉంటే ఆ గాలి పంపులోకి వెళ్లి గురగుర శబ్దం వస్తుంది, పంపు త్వరగా పాడవుతుంది. క్యాబినెట్ పైభాగంలో బిగించడం మేలు.

- ప్లాస్టిక్ పొర: రాగి పలక మీద ఉండే పొర తీయకుండా బిగించేసే షాపులూ ఉన్నాయి. దగ్గరుండి చూసుకోండి.

- ద్రవం వేడి: కొన్ని మోడళ్లు ద్రవం ఎంత వేడెక్కిందో కూడా చూపిస్తాయి. అది 60 డిగ్రీల లోపే ఉండాలన్నది సాధారణ నియమం. 40 డిగ్రీల గదిలో ఆ అంకె త్వరగానే దగ్గరపడుతుంది. మన ప్రాంతానికి ఈ సెన్సర్ ఉన్న మోడల్ అయితే మంచిది. లైట్లు, స్క్రీన్ల కంటే ఇదే అసలు ఫీచర్.

- బోర్డు వేడి: ఎయిర్ కూలర్ ఫ్యాన్ గాలి ప్రాసెసర్ చుట్టూ ఉన్న పవర్ భాగాలకి కూడా కొంత తగులుతుంది. ఏఐఓ పెడితే ఆ గాలి తగ్గుతుంది. కాబట్టి క్యాబినెట్ వెనక ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి.

లీక్ అయితే పరిస్థితి ఏంటి?

అందరినీ భయపెట్టే ప్రశ్న ఇదే. లీకులు అరుదు. కానీ అసలు ఉండవని చెప్పలేం. ఎక్కువగా వచ్చే సమస్యలు వేరే. పంపు ఆగిపోవడం, లోపల మడ్డి పేరుకుని ద్రవం తిరగకపోవడం. 2021లో ఎంఎస్‌ఐ కంపెనీ తన మ్యాగ్ కోర్‌లిక్విడ్ మోడళ్లలో కొన్నింటికి ఈ మడ్డి సమస్య ఉందని ఒప్పుకుని వెనక్కి తీసుకుంది. 2022లో ఆర్కిటిక్ సంస్థ లిక్విడ్ ఫ్రీజర్ 2 కూలర్లలో కొన్నింటి గ్యాస్కెట్ లోపంపై ఉచిత సర్వీస్ ప్రకటించింది. పెద్ద పేర్లకీ తప్పలేదన్నమాట. వాడిన కూలర్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఈ మోడళ్ల విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

రబ్బరు గొట్టాల గుండా ద్రవం ఏళ్ల తరబడి చాలా నెమ్మదిగా తగ్గుతూ పోతుంది కూడా. అంటే ఏఐఓకి ఆయుష్షు ఉంటుంది. ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే. 500 పెడితే ఇంకోటి వస్తుంది. ఏఐఓ పంపు పోతే మొత్తం యూనిట్ మార్చాల్సిందే. అప్పటిదాకా పీసీ ఆన్ చేసే పరిస్థితి ఉండదు. ఏ పనీ చేయకపోయినా ప్రాసెసర్ 90 డిగ్రీలు చూపిస్తుంటే పంపు ఆగిందేమోనని అనుమానించాలి. బయోస్‌లో పంపు ఆర్‌పీఎం చూస్తే తెలిసిపోతుంది.

అందుకే తిరువూరు లాంటి ఊళ్లలో వారంటీ మాట కీలకం. మోడల్‌ని బట్టి 3 ఏళ్ల నుంచి 6 ఏళ్ల దాకా ఇస్తున్నారు. ఎన్నేళ్లు అన్నదొక్కటే చూస్తే సరిపోదు. పాడైతే ఎక్కడ ఇవ్వాలి? దాదాపు 70 కిలోమీటర్ల దూరంలోని విజయవాడలో తీసుకుంటారా, సికింద్రాబాద్ సీటీసీ దాకా వెళ్లాలా, కొరియర్ చేయాలా? కొత్తది రావడానికి ఎన్ని రోజులు? లీకై బోర్డు, గ్రాఫిక్స్ కార్డ్ పాడైతే వాటి సంగతేంటి? ఈ ప్రశ్నలన్నీ బిల్లు కట్టే ముందే అడగాలి. జీఎస్టీ బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ కాగితమే రేపు వారంటీకి ఆధారం.

స్టూడియో నడిపేవాళ్లు ఇంకో చిన్న జాగ్రత్త తీసుకోవచ్చు. ఏఐఓ వాడుతున్నా సరే, పాత ఎయిర్ కూలర్‌ని, దాని స్క్రూలని, ఓ థర్మల్ పేస్ట్ ట్యూబ్‌ని పారేయకుండా అరలో ఉంచుకోవాలి. సీజన్ మధ్యలో పంపు పోతే, పవర్ లిమిట్ తగ్గించి అదే కూలర్‌తో పని నడిపించొచ్చు.

దుమ్ము సంగతి

హైవే పక్కన షాపులున్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే 15 వేల కూలర్ కూడా 2 వేల కూలర్‌లా తయారవుతుంది. రెండు మూడు నెలలకోసారి పీసీ ఆపేసి బ్లోయర్‌తో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోవాలి. తడి గుడ్డ అస్సలు వద్దు. ఇక పీసీ పక్కనే ఎయిర్ కూలర్ పెట్టి దాని తేమ గాలి నేరుగా క్యాబినెట్‌లోకి కొట్టించే అలవాటు ఉంటే మానుకోవాలి. తేమ, దుమ్ము కలిస్తే బోర్డు మీద పొరలా అంటుకుపోతుంది.

మరి కొనాలా? వద్దా?

ప్రాసెసర్ 120 వాట్ల లోపు అయితే ఎయిర్ కూలర్ చాలు. 180 వాట్ల దగ్గర ఉంటే ముందు క్యాబినెట్ గాలి, పవర్ లిమిట్ సరిచేసుకుని, తర్వాత డ్యూయల్ టవర్ ఎయిర్ కూలర్ ధర, ఏఐఓ ధర పక్కపక్కన పెట్టి చూడాలి. 200 వాట్లు దాటి, రోజూ గంటల తరబడి ఫుల్ లోడ్ నడిచే పీసీకి మాత్రం 360 ఎంఎం ఏఐఓ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. ఎంత సైజు తీసుకున్నా మధ్యాహ్నం 2 గంటల గది వేడికి రివ్యూలోని తేడాని కలిపి చూసుకోండి. ఆ మొత్తం 95 లోపు వస్తేనే ఆర్డర్ పెట్టండి.